జిమ్‌లో లేని 23 గంటలు: నిలబడాలా, మెట్లెక్కాలా, నడవాలా?

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఓ రోజు పొద్దున్నే నా ఫోన్ అమ్మకిచ్చి బొడ్లో దోపుకోమన్నాను. "ఇదేంట్రా, ఫోన్ పెట్టుకుని వాకిలి ఊడవాలా?" అంది గానీ దోపుకుంది. నాన్న ఫోన్ ఎలాగూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. అమ్మ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, వంగి ముగ్గేసింది. పాలవాడు పిలిస్తే గేటు దాకా వెళ్ళొచ్చింది. టిఫిన్లయ్యాక తడిబట్టల బకెట్‌ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ డాబా మెట్లెక్కింది. ఎండిన బట్టల కోసం మధ్యాహ్నం మళ్ళీ ఎక్కింది. ఉప్పు అయిపోయిందని కొట్టుకి ఒకసారి, కరివేపాకు కోసం పక్కింటికి ఒకసారి వెళ్ళింది. నాన్న పేపర్ చదివాడు, టీవీ చూశాడు, భోంచేసి కునుకు తీశాడు. రాత్రి చూస్తే అమ్మ లెక్క 8 వేల అడుగులు దాటింది. నాన్నది 1,300 దగ్గర ఆగింది. ఇద్దరూ తిన్నది ఒకే అన్నం, ఒకే గోంగూర పప్పు. వ్యాయామం అనదగ్గది ఇద్దరూ ఏమీ చేయలేదు.

నాన్నకి షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. అందుకే ఆ రెండు అంకెలూ నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో నాది రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఇంటి నుంచి పనిచేసే రోజైతే నా అడుగులు కూడా నాన్న అడుగుల దగ్గరే ఉంటాయి. జిమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టి రెండుసార్లూ మధ్యలోనే మానేశాను. ఇలాంటి రోజులున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మనకి నలుగురూ నాలుగు సలహాలిస్తారు. నిలబడి పనిచేయి, లిఫ్ట్ ఎక్కొద్దు, పనిమనిషిని మాన్పించు, పది వేల అడుగులు వేయి అని. ఇవన్నీ ఒకే రకంగా పనికొచ్చేవి కావు. ఏది ఎంత ఇస్తుందో, ఎవరికి ఏది నప్పుతుందో చూద్దాం.

ముందు ఈ కదలిక ఎందుకు లెక్కలోకి వస్తుందో చెప్పాలి. మనం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 60 శాతం ఊపిరి, గుండె, మెదడు వంటివి నడవడానికే పోతుంది. ఓ 10 శాతం తిన్నది అరగడానికి. మిగిలినదంతా కదలిక ఖర్చు. రోజూ వ్యాయామం చేయని మనిషికి ఆ కదలికంతా ఇంటిపని, ఆఫీసుపని, మెట్లు, బజారు, చివరికి కాళ్ళూపడం కూడా. దీన్ని పరిశోధకులు పొట్టిగా 'నీట్' అంటారు (మెడికల్ సీట్ల పరీక్షకీ దీనికీ సంబంధం లేదు).

దీని మీద బాగా పనిచేసినవాడు అమెరికాలో మేయో క్లినిక్‌కి చెందిన జేమ్స్ లెవీన్. 1999లో ఆయన బృందం లావు లేని 16 మందికి 8 వారాలపాటు రోజూ అవసరానికి మించి 1,000 కేలరీలు తినిపించింది. అందరికీ అదనంగా పెట్టింది అంతే. కానీ ఒకరి ఒంటికి పట్టిన కొవ్వు అరకిలో కూడా లేదు, ఇంకొకరికి 4 కిలోలు దాటింది. ఆ తేడాని ఎక్కువగా నిర్ణయించింది ఈ చిన్నచిన్న కదలికలే. ఒకరిలో ఇవి రోజుకు దాదాపు 690 కేలరీల మేర పెరిగాయి, ఇంకొకరిలో ఉన్నవి కూడా తగ్గాయి.

2005లో అదే బృందం మనుషులు రోజంతా ఎలా కూర్చుంటున్నారో, ఎంతసేపు నిలబడుతున్నారో సెన్సర్లున్న లోదుస్తులు తొడిగించి పది రోజులు కొలిచింది. సన్నగా ఉన్నవాళ్ళ కంటే లావుగా ఉన్నవాళ్ళు రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువ కూర్చుంటున్నారు. ఆ కాస్త సమయం మారినా రోజుకు 350 కేలరీల దాకా తేడా వస్తుందని లెక్కగట్టారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. లావుగా ఉన్నవాళ్ళు బరువు తగ్గాక కూడా కూర్చునే గంటలు తగ్గలేదు. అంటే ఈ మొగ్గు కొంతవరకు ఒంట్లోనే ఉంది. ఇంట్లో ఎవరైనా కుర్చీ వదలకపోతే "కాస్త ఒళ్ళొంచు" అని దెప్పిపొడవడం మనకి అలవాటు. దానివల్ల మనసు నొచ్చుకోవడం తప్ప ఏమీ మారదు. మనిషిని తిట్టేకంటే రోజుని మార్చడం మంచిది.

ఇక లెక్కలు. కింద చెప్పే అంకెలన్నీ 65 కిలోల మనిషికి, సుమారుగా, ఊరికే కూర్చున్నప్పటి కంటే అదనంగా అయ్యే ఖర్చు. మీ బరువుని బట్టి కొంచెం అటూ ఇటూ చూసుకోండి.

నిలబడి పనిచేయడం

అందరూ ముందు దీని మీదే డబ్బు పెడతారు. ఎత్తు పెంచుకునే టేబుల్ కొంటారు. నేనూ కొనబోయి లెక్క చూసి ఆగాను. 46 అధ్యయనాలని కలిపి 2018లో చేసిన ఓ విశ్లేషణ ప్రకారం, కూర్చోవడానికీ నిలబడటానికీ తేడా నిమిషానికి 0.15 కేలరీ. ఆరు గంటలు నిలబడితే 54 కేలరీలు. ఒక చిన్న గ్లాసు పంచదార టీతో సరి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఇంకా సూటిగా పోల్చి చూశారు. పావుగంట కూర్చుంటే 20 కేలరీలు, నిలబడితే 22, నడిస్తే 56.

నిలబడటం తప్పని కాదు. నడుము పట్టేసేవాళ్ళకి మధ్యమధ్యలో లేవడం హాయిగా ఉంటుంది, లేచిన మనిషి నాలుగు అడుగులు వేసే అవకాశమూ ఉంది. కానీ బరువు కోసమే అయితే ఇది చివరి ఎంపిక. బట్టల కొట్లో, నగల కొట్లో రోజంతా నిలబడే వాళ్ళని అడగండి, సాయంత్రానికి పాదాలు ఎలా ఉబ్బుతాయో చెబుతారు. వాళ్ళకి కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాల్సి వచ్చింది. నిలబడి బతికేవాళ్ళకి కావలసింది కుర్చీ. కూర్చుని బతికేవాళ్ళకి కావలసింది నడక.

మెట్లు

మెట్ల విషయంలో జనానికి రెండు రకాల అపోహలున్నాయి. ఎక్కితే బోలెడు కేలరీలు కరిగిపోతాయన్నది ఒకటి, మోకాళ్ళు అరిగిపోతాయన్నది ఇంకొకటి.

కేలరీల సంగతి చూద్దాం. 65 కిలోల బరువుని 3 మీటర్ల ఎత్తుకి, అంటే ఒక అంతస్తు, ఎత్తడానికి కావలసిన పని అర కేలరీ కంటే తక్కువే. మన కండరాలు వాడే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి అంతస్తుకి 2 నుంచి 3 కేలరీలు వేసుకోండి. మాది నాలుగో అంతస్తు. రోజుకు మూడుసార్లు ఎక్కితే 12 అంతస్తులు, మహా అయితే 30 కేలరీల పైచిలుకు. ఆయాసం చూస్తే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, కానీ ఎక్కేది రెండు నిమిషాలే.

మరి ఎందుకు ఎక్కాలి? ఆ ఆయాసం కోసమే ఎక్కాలి. వ్యాయామం అలవాటు లేని 25 వేల మందికి పైగా బ్రిటన్ వాసుల కదలికల్ని చేతికి కట్టిన పరికరాలతో చూసి 2022లో ఓ అధ్యయనం ప్రచురించారు. రోజుకు మూడుసార్లు, ఒకటి రెండు నిమిషాల చొప్పున, రోజువారీ పనుల్లోనే ఆయాసం వచ్చేలా కదిలినవాళ్ళలో మరణాలు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించాయి. కారణం అదొక్కటే అని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. కానీ మెట్ల గురించి ఈ మాట కొత్తదేం కాదు. 1953లో జెరీ మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. సీటుకి అతుక్కుపోయిన డ్రైవర్ల కంటే, రోజూ కొన్ని వందల మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ. తర్వాత 1956లో ఆయనే యూనిఫాం కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల నడుము మొదటి నుంచే లావు అని తేలింది. కాబట్టి గొప్పంతా మెట్లదే అనలేం. అయినా కదలిక గుండెకి మంచిదన్న మాట ఆ తర్వాత ఎన్నో పరిశోధనల్లో వేర్వేరు రూపాల్లో నిలబడింది.

మోకాళ్ళ దగ్గర మనం తిరగేసి చేస్తున్నాం. చాలామంది పైకి లిఫ్ట్‌లో వెళ్ళి కిందికి మెట్ల మీద దిగుతారు, దిగడం తేలిక కాబట్టి. కానీ మోకాలి నొప్పి ఉన్నవాళ్ళని ఎక్కువ బాధపెట్టేది దిగడమే, శక్తి ఎక్కువ ఖర్చయ్యేది ఎక్కడంలో. కాబట్టి నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కేటప్పుడు చేతనైనన్ని మెట్లెక్కి, దిగేటప్పుడు లిఫ్ట్ వాడటం నయం. ఎక్కుతుంటే ఛాతీలో బరువుగా ఉన్నా, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చినా మెట్లు ఆపి డాక్టర్‌ని కలవాలి.

నడక, దేనికైనా జోడించి

నడకకి ఓ తేలిక లెక్క ఉంది. కిలోమీటరు నడిస్తే అదనంగా అయ్యే ఖర్చు మీ బరువులో దాదాపు సగం. 65 కిలోలకి 32 కేలరీలు, 80 కిలోలకి 40. వేగంగా నడిచినా నెమ్మదిగా నడిచినా దూరానికి లెక్క పెద్దగా మారదు. అంటే నాలుగో అంతస్తుకి మూడుసార్లు చెమటోడ్చి ఎక్కినదానికీ, ఫోన్‌లో అక్కతో మాట్లాడుతూ వరండాలో కిలోమీటరు తిరిగినదానికీ కేలరీలు సమానం. ఫోన్ మాట్లాడేటప్పుడు కష్టపడుతున్నట్టు అనిపించదు. అందుకే రెండోది రోజూ జరుగుతుంది.

నా తీర్పు ఇదే: బరువు కోసం చూసేవాళ్ళు గట్టి పని కోసం వెతక్కండి, నిమిషాల కోసం వెతకండి. నడకకి విడిగా టైం పెట్టుకుంటే అది కూడా జిమ్‌లాగే రెండో వారానికి జారిపోతుంది. ఎలాగూ చేసే పనికి ముడివేస్తే నిలుస్తుంది. ముడివేయడానికి నాకు మూడు చోట్లు కనిపించాయి.

ఒకటి ప్రయాణం. హైదరాబాద్ మెట్రోలో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య దూరం సుమారు కిలోమీటరు. ఒక స్టేషన్ ముందే దిగితే రానూపోనూ 2 కిలోమీటర్లు, పైగా స్టేషన్లన్నీ ఎత్తులో ఉంటాయి కాబట్టి మెట్లు కూడా కలిసొస్తాయి. అయితే ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, వాహనాల మధ్య, ఏప్రిల్ మే ఎండలో ఇది నడిచే సలహా కాదు. మీ దారి చూసుకుని నిర్ణయించుకోండి.

రెండోది ఫోన్. కాల్ రాగానే లేచి నిలబడటం, మాట అయ్యేదాకా కూర్చోకపోవడం. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఇంతకంటే సులువైనది లేదు. స్క్రీన్ చూడనక్కర్లేని మీటింగ్ రోజుకు ఒకటైనా ఉంటుంది.

మూడోది భోజనం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే, ముఖ్యంగా షుగర్ ఉన్న ఇంట్లో. అన్నం తిన్న తర్వాత రక్తంలో చక్కెర పైకి ఎగబాకే సమయంలో కాళ్ళ కండరాలు కదిలితే ఆ చక్కెరని అవి లాక్కుంటాయి. 2013లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో షుగర్ వచ్చే సూచనలున్న 60 ఏళ్ళు దాటినవాళ్ళతో ఓ చిన్న ప్రయోగం చేశారు, పది మందే. మూడు పూటలా తిన్నాక 15 నిమిషాల చొప్పున నడిస్తే, రోజు మొత్తం మీద చక్కెర తగ్గడంలో అది పొద్దున ఒకేసారి 45 నిమిషాలు నడిచినదానికి సమానంగా పనిచేసింది. రాత్రి భోజనం తర్వాత పెరిగే చక్కెర మీద మాత్రం తిన్నాక నడకే మెరుగ్గా పనిచేసింది. మనలో చాలామందికి పెద్ద భోజనం రాత్రే. తినగానే టీవీ ముందు కూర్చుని, అటు నుంచి అటే మంచమెక్కుతాం. ఆ పావుగంట నడక అక్కడ పెడితే ఫలితం ఎక్కువ.

పది వేల అడుగుల గురించి టెన్షన్ పడకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఓ అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది, డాక్టర్లు తేల్చింది కాదు. 2019లో వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద హార్వర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలోనే మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. 1,300 వేసే మనిషికి 10,000 చెబితే మొదలే పెట్టడు. 3,000 చెబితే పెడతాడు.

ఇంటిపని, ఎవరు చేయాలన్నది అసలు ప్రశ్న

ఊడవడం, తడిగుడ్డ పెట్టడం మామూలు నడకతో సమానం. 20 నిమిషాలకి 40 కేలరీలు అదనం. నిలబడి వంట చేస్తే గంటకి 50. గిన్నెలు తోమడం కూడా దాదాపు అంతే. వాషింగ్ మెషీన్, మిక్సీ వదిలేసి బండ మీద ఉతకమనీ, రోట్లో రుబ్బమనీ నేను చెప్పను. మెషీన్ ఉతికినా బట్టలు పైకి మోసుకెళ్ళి ఆరేయడం మిగిలే ఉంది, ఉన్నదాంట్లో మంచి కదలిక అది.

ఒక సలహా వింటే మాత్రం నాకు బాధేస్తుంది. "పనిమనిషిని మానిపించి మీరే చేసుకోండి, సన్నబడతారు" అని ఆడవాళ్ళకి చెబుతారు. పొద్దున ఐదున్నరకి లేచి రాత్రి పదింటికి వంటిల్లు సర్దే మనిషికి కావలసింది ఇంకొంచెం పని కాదు, విశ్రాంతి, తన కోసం ఓ అరగంట. మా ఇంట్లో అమ్మకి 8 వేలు, నాన్నకి 1,300 అయితే, చీపురు మారాల్సిన చేయి ఏదో అంకెలే చెబుతున్నాయి. ఇంటిపనిని వ్యాయామంగా ఎంచుకోవాలంటే ఎంచుకోవాల్సింది ఇంట్లో ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు. భర్త, కాలేజీ పిల్లలు, ఇంటి నుంచి పనిచేసే నాలాంటి కొడుకులు.

కింద కూర్చోవడం గురించి ఓ మాట. కేలరీల పరంగా పెద్ద తేడా లేదు. కానీ నేల మీద నుంచి లేచేటప్పుడల్లా తొడలు, నడుము పనిచేస్తాయి. టాంజానియాలో వేటాడి బతికే హాడ్జా జనం కూడా రోజుకు దాదాపు పది గంటలు కదలకుండానే ఉంటారని 2020లో కొలిచారు. కాకపోతే వాళ్ళు గొంతుక్కూర్చుంటారు, మోకాళ్ళ మీద కూర్చుంటారు, కాళ్ళ కండరాలు పూర్తిగా పడుకోవు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఒక పూటైనా కింద కూర్చుని తినొచ్చు. నొప్పులున్నవాళ్ళు బలవంతం చేసుకోనక్కర్లేదు.

మీ రోజుకి ఏది?

ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళు ప్రయాణంలో ఒక కిలోమీటరు, ఎక్కేటప్పుడు మెట్లు పెట్టుకోండి. మిగతావి వదిలేసినా పర్వాలేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఫోన్ నడకతో పాటు ఒక ఇంటిపనిని పూర్తిగా మీ పేరు మీద రాసుకోండి. సాయం చేయడం కాదు, ఆ పని మీదే అవ్వాలి. ఇల్లాలికి రోజు నిండా కదలిక ఉంటే కొత్తగా ఏదీ వద్దు. పనంతా అయ్యి మధ్యాహ్నం నుంచి టీవీ దగ్గరే గడిచిపోతుంటే రాత్రి భోజనం తర్వాత నడక చాలు. షుగర్ ఉన్నవాళ్ళు మొదట భోజనం తర్వాతి నడకనే ఎంచుకోండి. ఇన్సులిన్ తీసుకుంటున్నా, చక్కెర పడిపోయే మందులు వాడుతున్నా డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి, పాదాల్లో స్పర్శ తగ్గితే చెప్పులు లేకుండా డాబా మీద కూడా తిరగొద్దు.

ఒకేసారి నాలుగు పట్టుకోకండి. ముందు వారం రోజులు ఏమీ మార్చకుండా ఫోన్‌లో మీ మామూలు లెక్క చూసుకుని, దానికి 1,500 అడుగులు కలపండి.

ఈ లెక్కలు కాగితం మీద ఉన్నంత నిండుగా ఒంట్లో కనిపించవని కూడా ముందే తెలిసి ఉండాలి. రోజుకు 200 కేలరీలు, కిలో కొవ్వుకి సుమారు 7,700, కాబట్టి 38 రోజులకో కిలో అని గుణించుకుంటాం. అలా జరగదు. 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం హాడ్జాల శక్తి ఖర్చు కొలిస్తే, రోజంతా అడవిలో తిరిగే ఆ జనానికీ అమెరికా, యూరప్ వాసులకీ, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కదలిక పెరిగితే ఒళ్ళు ఇంకెక్కడో కొంత పొదుపు చేసుకుంటుంది. నడిచొచ్చామని సాయంత్రం ఓ సమోసా తింటే ఆ ఒక్కటే 250 కేలరీల దగ్గర ఉంటుంది, దాదాపు 8 కిలోమీటర్ల నడక అందులో పోతుంది. బరువు తగ్గాలంటే కంచం వైపు కూడా చూడక తప్పదు. చక్కెర, గుండె, నిద్ర, కాళ్ళ బలం కోసమైతే బరువు తగ్గినా తగ్గకపోయినా నడవాల్సిందే.

నాన్న విషయంలో మేం ఎంచుకున్నది కూరగాయల సంచి. వారానికోసారి బండి మీద తెచ్చే అలవాటు మాన్పించి, రోజూ ఆ పూటకి కావలసినవే నడిచి వెళ్ళి తెమ్మన్నాం. రాత్రి తిన్నాక వీధి చివరి గుడి దాకా అమ్మానాన్నా కలిసి వెళ్ళొస్తున్నారు. నాన్న లెక్క ఇప్పుడు 4 వేల దగ్గర తిరుగుతోంది. మొన్న పొద్దున ఫోన్ చేస్తే బజార్లోనే ఉన్నాడు, బెండకాయలన్నీ ముదిరిపోయాయని, ఇంకో కొట్టు చూసి వస్తానని అమ్మతో చెప్పమన్నాడు.